ఫ్లాష్‌బ్యాక్ లేని వలస

మొన్న సంక్రాంతికి ఊరికి పోయి తిరిగొస్తుంటే అనంతపురం నుంచి బెంగుళూరు బస్సులో వెనక సీటే దొరికింది. పండగ అయిపోయిన మర్నాడు సీటు దొరకడమే గొప్ప. నా పక్కన ఒక పెద్దాయన, ఆయన కాళ్ళ దగ్గర ఎరువుల సంచిలో కట్టిన సామాను. సంచి మూతి నుంచి తాపీ పిడి ఒకటి బయటికి కనిపిస్తోంది. ముందు సీట్లో ఆయన మనవడు ఇయర్‌ఫోన్లు లేకుండా ఫోన్లో 'ఇంద్ర' సినిమా పెట్టాడు. బస్సంతా వినాల్సిందే. కాశీలో టాక్సీ తోలుకునే చిరంజీవి అసలెవరో తెలిసే ఘట్టం వచ్చేసరికి నాలుగు సీట్ల వాళ్ళు మెడలు సాచి ఫోన్లోకి చూస్తున్నారు. నేనూ చూశాను, అబద్ధమెందుకు.

పెద్దాయన మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. "ఏం పెద్దాయనా, సినిమా చూడవా?" అన్నాను మాట కలుపుదామని.

"చూసిండేదే లే నాయనా. వానికేమి, ఊర్లో అంత భూమి పెట్టుకోని వచ్చిండాడు. ఎప్పుడో ఒగపొద్దు ఎనక్కి పోతాడు. మాకేముండాది ఎనక్కి పోతే?" అన్నాడు.

వాళ్ళది నల్లమాడ తట్టు ఒక పల్లె. బెంగుళూర్లో బిల్డింగు పని. ఆయన ఆ మాట చాలా మామూలుగా అన్నాడు, తర్వాత పడుకున్నాడు కూడా. నాకు మాత్రం కొడికొండ చెక్‌పోస్ట్ దాటి కర్ణాటకలో పడ్డాక కూడా నిద్ర పట్టలేదు. పాతికేళ్ళుగా సీమ సినిమాలు చూస్తున్నాను. ఆ ముక్క నాకు తట్టలేదు.

ఆయన పట్టుకున్న పాయింటు ఇది. మన సినిమాల్లో ఊరు వదిలి వచ్చినవాడికి ఎప్పుడూ ఒక ఫ్లాష్‌బ్యాక్ ఉంటుంది. టాక్సీ తోలినా, పాత్రలు తోమినా అది వేషం మాత్రమే. ఇంటర్వెల్ అవగానే వాడు పెద్ద ఆసామి అని తేలుతుంది. నిజంగా మా జిల్లా నుంచి పోయేవాడికి ఇంటర్వెల్ తర్వాత కూడా తాపీనే. ఈ రెంటికీ మధ్య ఉన్న దూరం ఎలా వచ్చిందో చూద్దామని కొంచెం వెనక్కి తవ్వాను. చరిత్ర కాస్త పొడుగ్గానే ఉంది, ఓపిక పట్టండి.

సినిమా కంటే ముందు ఫోటోలు. 1876-78 నాటి కరువుని మా పెద్దవాళ్ళు ధాత కరువు అనేవాళ్ళు, ధాత నామ సంవత్సరంలో మొదలైంది కాబట్టి. అప్పటికింకా అనంతపురం జిల్లానే లేదు. 1882లో బళ్ళారి జిల్లాని చీల్చి చేశారు. ఆ కరువులో మద్రాసు రాజధానిలో విల్లోబీ వాలెస్ హూపర్ అనే సైనికాధికారి ఫోటోలు తీశాడు. ఎముకల గూళ్ళలాంటి మనుషుల్ని వరసగా కూర్చోబెట్టి, నిలబెట్టి తీసిన ఫోటోలు. అవి ఇప్పటికీ పుస్తకాల్లో కనిపిస్తూనే ఉంటాయి. ఫోటో తీశాడు సరే, తిండి పెట్టాడా అని అప్పట్లోనే విమర్శలొచ్చాయి. ఇదే పెద్దమనిషి 1886లో బర్మాలో మరణశిక్షలు అమలు చేస్తుంటే ఆ క్షణాన్ని ఫోటో తీయబోయి గొడవల్లో ఇరుక్కున్నాడు. మనిషి తీరు అదీ.

హూపర్ ఫోటోల్లో నాకు కొట్టొచ్చినట్టు కనిపించేది, అందులో ఎవరూ కదలరు. కెమెరా టెక్నాలజీ అంతేననుకోండి. కానీ ఆ కరువు అసలు కథంతా కదలికే. సహాయ శిబిరాల్లో పని కావాలంటే ఇంటికి మైళ్ళ దూరం పోవాలన్న షరతు ఉండేది. దూరం నడిచి వచ్చాడంటే నిజంగా ఆకలిగా ఉన్నట్టు లెక్క! సర్ రిచర్డ్ టెంపుల్ అనే దొర కూలివాడికి రోజుకి ఒక పౌను ధాన్యం చాలన్నాడు. జనం శిబిరాలకి, పట్నాలకి, రేవులకి నడిచారు. అక్కణ్ణుంచి సిలోనుకీ, బర్మాకీ, మారిషస్‌కీ ఓడలెక్కినవాళ్ళున్నారు. అంటే సీమ కరువు గురించి లోకం చూసిన మొదటి బొమ్మల్లోనే వలస కనపడకుండా పోయింది. కరువు మనిషి అంటే ఒకచోట కూలబడి చావుకోసం చూసేవాడు అనే బొమ్మ స్థిరపడింది. ఆ బొమ్మ చాలాకాలం బతికింది.

ఇక సినిమా. ఇక్కడో తమాషా ఉంది. సినిమాలో మా కరువు సీమ వాటా చిన్నదేం కాదు. తాడిపత్రి పేరు చెబితే చాలు. బళ్ళారి రాఘవ 1880లో పుట్టింది తాడిపత్రిలోనే. ప్లీడరుగా బళ్ళారిలో స్థిరపడి నాటకాలతో దేశమంతా పేరు తెచ్చుకున్నాడు. 1939లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన 'రైతుబిడ్డ'లో నటించాడు. కదిరి వెంకటరెడ్డి, అంటే మన కె.వి.రెడ్డి, 1912లో పుట్టింది తాడిపత్రిలోనే. మద్రాసులో వాహినీ సంస్థకి బి.ఎన్.రెడ్డితో పాటు వెన్నెముకగా నిలిచిన మూలా నారాయణస్వామి కూడా తాడిపత్రి వ్యాపారే. కె.వి.రెడ్డి ఆయన స్నేహితుడు. క్యాషియర్‌గా సినిమాల్లో అడుగుపెట్టి 'భక్త పోతన', 'పాతాళభైరవి', 'మాయాబజార్' తీశాడు. ఎక్కువ వాన పడని ఊరి నుంచి వెళ్ళిన డబ్బూ, మనిషీ మద్రాసులో తెలుగు సినిమాని నిలబెట్టాయి. (తాడిపత్రిలో ఈ ముగ్గురి పేర్లూ గడగడా చెప్పే పదో తరగతి పిల్లాడు దొరికితే నేనే ఐస్‌క్రీం కొనిపెడతా.)

వీళ్ళదీ వలసే కదా? వలసే. కానీ వీళ్ళు దాటిన సరిహద్దు ఏదీ లేదు. తాడిపత్రిలో రైలెక్కితే కడప, రేణిగుంట మీదుగా మద్రాసు. అంతా ఒకటే రాజధాని. చదువు, డబ్బు, స్నేహితులు ఉన్నవాడి వలస అది. ఇప్పుడు నేను లాప్‌టాప్ బ్యాగు తగిలించుకుని బెంగుళూరు పోయినట్టన్నమాట. అందుకే కాబోలు, సీమ నుంచి వెళ్ళిన ఈ పెద్దల సినిమాల్లో సీమ నుంచి వెళ్ళే కూలివాడు కనపడలేదు. తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. 'మాయాబజార్' తీసినాయనకి ఏడు తప్పులు మాఫీ!

అసలు 'మాయాబజార్'లో ఒక మంచి సరిహద్దు సన్నివేశం ఉంది, గమనించారా? ద్వారకలో మర్యాద దక్కక సుభద్ర కొడుకుని తీసుకుని అడవిదారి పడుతుంది. అది ఘటోత్కచుడి ఇలాకా. పొరుగువాళ్ళెవరో చొరబడ్డారని రాక్షసులు అడ్డగిస్తారు. యుద్ధం దాకా పోతుంది. తీరా చూస్తే సొంత అన్నదమ్ములు. వచ్చినవాళ్ళెవరో అడిగే లోపలే బాణాలు వేసుకుంటారు. ఏ చెక్‌పోస్ట్ దగ్గరైనా జరిగేది ఇదే. తీసింది 1957లో. అంతకు నాలుగేళ్ళ ముందే మా జిల్లా పక్కన కొత్త గీత ఒకటి పడింది.

ఆ గీత కథ. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్ళారి జిల్లాని పంచారు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చాయి. రాయదుర్గం మా అనంతపురంలో కలిసింది. మిగతాది మైసూరుకి పోయింది. బళ్ళారి తాలూకా ఎవరిదన్న దానిమీద పెద్ద గొడవ జరిగి, మిశ్రా కమిషన్ వేసి, చివరికి మైసూరుకే ఇచ్చారు. తెలుగు నాటకానికి తలకాయలాంటి రాఘవ ఇంటిపేరుగా మారిన ఊరు అలా పక్క రాష్ట్రమైంది. ఆయన 1946లోనే పోయాడు కాబట్టి చూడలేదు.

అంతకుముందు గీతలు లేవా అంటే ఉన్నాయి. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని కంపెనీకి ఇచ్చేసినప్పుడు ఇటు కంపెనీ, అటు మైసూరు రాజ్యం. దాని ఫలితం ఇప్పటికీ మ్యాపులో చూడొచ్చు. మడకశిర మూడువైపులా కర్ణాటకలోకి పొడుచుకుని ఉంటుంది. రొళ్ళ, అగళి, అమరాపురం వైపు ఇళ్ళల్లో కన్నడమే. కర్ణాటకలోని పావగడ దాదాపు చుట్టూ ఆంధ్రే, అక్కడ వీధుల్లో తెలుగే. కల్యాణదుర్గం నుంచి పావగడ మీదుగా మడకశిర పోతే ఒక రాష్ట్రం దాటి మళ్ళీ సొంత రాష్ట్రంలోకి వస్తాం. కండక్టర్ తప్ప ఎవరూ పట్టించుకోరు. కోతల కాలంలో కూలికి పోవడాన్ని పడమటి సీమలో "సుగ్గికి పోవడం" అంటారు. సుగ్గి అంటే కన్నడంలో కోతలు. వలసకి పెట్టుకున్న పేరే సరిహద్దు అవతలి మాట! ఇంతకంటే ఏం రుజువు కావాలి, ఇక్కడి మనిషికి ఆ గీత పొట్టకూటి దారిలో ఒక మజిలీ అని. ఇంత వింత సరిహద్దు పక్కనే పెట్టుకుని దాని మీద ఒక్క తెలుగు సినిమా నేను చూడలేదు.

మిగతా ప్రపంచంలో ఇలాంటి కరువు సీమలు లేవా? వాళ్ళు సినిమాలు తీయలేదా? తీశారు. 1930ల్లో అమెరికా నడిమధ్య మైదానాల్లో వానల్లేక, దున్నేసిన నేల దుమ్మై లేచిపోయింది. ఒక్లహామా రైతులు డొక్కు లారీల్లో సామాను కట్టుకుని కాలిఫోర్నియాకి పోయారు. అందరూ ఒకే దేశం వాళ్ళు, ఒకే భాష వాళ్ళు. అయినా 1936లో లాస్ ఏంజెలెస్ పోలీసులు రాష్ట్ర సరిహద్దుకి పోయి మరీ బీదవాళ్ళని వెనక్కి పంపారు. 1939లో స్టెయిన్‌బెక్ దాని మీద 'ది గ్రేప్స్ ఆఫ్ రాత్' నవల రాశాడు. మరుసటి ఏడాదే, 1940లో, జాన్ ఫోర్డ్ సినిమా తీశాడు. వెంటనే! జనం ఇంకా రోడ్డు మీద ఉండగానే!

అందులో ఒక ఘట్టం చెప్పాలి. లారీని కాలిఫోర్నియా తనిఖీవాళ్ళు ఆపుతారు. సామానంతా దింపమంటారు. ముసలమ్మకి ఒంట్లో బాలేదు, డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి, వదిలేయండి అని తల్లి బతిమాలుతుంది. వదిలేస్తారు. దాటాక తెలుస్తుంది, ముసలమ్మ అప్పటికే చనిపోయిందని. శవం పక్కనే పడుకుని, ఎవరికీ చెప్పకుండా గీత దాటించింది ఆ తల్లి. బాంబులు, తుపాకులు, ముళ్ళకంచెలు ఏవీ లేకుండా సరిహద్దు అంటే ఏమిటో ఆ ఒక్క ఘట్టంలో తెలుస్తుంది.

మన దేశానికొస్తే 'దో బీఘా జమీన్'. విచిత్రంగా అదీ 1953లోనే, ఇక్కడ బళ్ళారి పంచుతున్న ఏడాదే వచ్చింది. బిమల్ రాయ్ తీశాడు. కరువు తర్వాత అప్పుల్లో పడిన శంభు తన రెండు బీఘాల పొలం కాపాడుకోవడానికి కలకత్తా పోయి రిక్షా లాగుతాడు. బలరాజ్ సాహ్ని ఆ వేషం కోసం నిజంగానే రిక్షా లాగడం నేర్చుకున్నాడు. శంభు ఎంత లాగినా పొలం దక్కదు. చివర్లో ఊరొచ్చి చూస్తే అక్కడ ఫ్యాక్టరీ కడుతున్నారు. కంచె బయట నిలబడి పిడికెడు మట్టి తీసుకోబోతే కాపలావాడు అదీ తీసుకోనివ్వడు. సొంత పొలమే పరాయి దేశమైపోయింది. ఆ కాపలావాడు నాకు ఇప్పటికీ గుర్తొస్తుంటాడు, ముఖ్యంగా మా ఆఫీసు గేటు దగ్గర బ్యాడ్జి మర్చిపోయినప్పుడు. (నాకైతే టెంపరరీ పాస్ ఇస్తారు లెండి.)

సరే, మన సంగతికొద్దాం. తెలుగు సినిమా సీమని నిజంగా కనిపెట్టింది 1999లో, 'సమరసింహారెడ్డి'తో. తర్వాత 'నరసింహనాయుడు' (2001), 'ఇంద్ర', 'ఆది' (2002) వరసకట్టాయి. బెంగుళూర్లో మా కాలేజీ హాస్టల్లో "మీది రాయలసీమా? మీ ఇంట్లో బాంబులుంటాయా?" అని అడిగిన కోస్తా మిత్రులకి లెక్కలేదు. మా ఇంట్లో ఉండేది వేరుశెనక్కాయల మూటలు. ఆ ఏడు పంట పండితే.

ఈ సినిమాల మూస గుర్తుందిగా. 'సమరసింహారెడ్డి'లో బాలకృష్ణ మొదట అబ్బులు అనే పేరుతో ఎక్కడో సామాన్యుడిలా బతుకుతుంటాడు. 'ఇంద్ర'లో చిరంజీవి ఇచ్చిన మాట కోసం సీమ వదిలి కాశీలో టాక్సీ తోలుతుంటాడు. ఇద్దరూ సరిగ్గా మా జిల్లా వలస కూలీ చేసే బతుకే బతుకుతున్నారు! వేరే ఊరు, వేరే పేరు, చిన్న పని, అణకువ. అంతవరకూ చూస్తే వలస మీద సినిమానే. ఆ తర్వాత ఎవడో గుర్తుపడతాడు, సుమోలు లేస్తాయి, ఫ్లాష్‌బ్యాక్ మొదలవుతుంది. అణకువ అంతా త్యాగం అని తేలుతుంది. 'ఒక్కడు' (2003) వచ్చేసరికి సీమ పారిపోవలసిన చోటైంది. కర్నూలు కొండారెడ్డి బురుజు దగ్గర్నుంచి హీరోయిన్‌ని హైదరాబాదు తీసుకుపోయి, అక్కణ్ణుంచి అమెరికా పంపే ప్రయత్నం. పాస్‌పోర్టు, వీసా అన్నీ కథలో ఉన్నాయి. అంటే సీమ నుంచి మనిషి ఎందుకు పోతాడు? కత్తి వల్ల పోతాడు. వాన వల్ల పోతాడని ఎవరూ చెప్పలేదు.

ఫ్యాక్షన్ లేదని అనను, ఉండింది, మనుషులు చచ్చారు, నాకు తెలిసిన ఊళ్ళల్లోనూ చచ్చారు. కానీ లెక్క చూడండి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చిల్లర వాన పడే జిల్లా. దేశంలో జైసల్మేర్ తర్వాత మాదే అని చిన్నప్పట్నుంచి బళ్ళో చెప్పేవాళ్ళు, అదేదో సెకండ్ ర్యాంకులాగా. లక్షల హెక్టార్లలో ఒకే పంట, వేరుశెనగ, అదీ వాన మీద ఆధారపడి. విత్తినాక ఒక నెల మొగులు మొహం చాటేస్తే అయిపోయింది. ఫ్యాక్షన్ వల్ల ఊరు వదిలినవాళ్ళెందరు, ఆ ఒక్క నెల వల్ల వదిలినవాళ్ళెందరు? మా వీధిలో నేను చూసినంతవరకూ మొదటి రకం ఒక్క ఇల్లు, రెండో రకం మిగతా అన్నీ. మా ఇంటితో సహా.

మినహాయింపులు చెప్పకపోతే అన్యాయం. బి.నర్సింగరావు 1990లో 'మట్టిమనుషులు' తీశాడు. పల్లె నుంచి నగరానికి వచ్చి బిల్డింగు పని చేసుకునే కూలీ దంపతుల కథ, అర్చన ప్రధాన పాత్ర. జాతీయ అవార్డుల్లో ఉత్తమ తెలుగు చిత్రంగా ఎంపికైంది. అది తెలంగాణ కథ, కానీ బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దాయన చూస్తే ఆ మనుషుల్ని వెంటనే గుర్తుపడతాడు. చూసే వీలే లేకుండా పోయింది, అదీ బాధ.

రెండోది వింటే నవ్వుతారేమో. రాజమౌళి 'మర్యాద రామన్న' (2010). 1923లో బస్టర్ కీటన్ తీసిన 'అవర్ హాస్పిటాలిటీ' దీనికి మూలం. కామెడీ సినిమానే. కానీ మొదలు చూడండి. సునీల్ హైదరాబాదులో తొక్కుడు బండి మీద సామాన్లు మోసే కుర్రాడు. బండి నెమ్మదని పని పోతుంది. ఆటో కొనాలంటే డబ్బు కావాలి. సీమలో అయిదెకరాల పొలం ఉందని తెలిసి అమ్ముకోవడానికి బయల్దేరతాడు. పొలం నిలబెట్టుకోవడానికి రిక్షా లాగిన శంభు 1953లో. రిక్షా వదిలించుకోవడానికి పొలం అమ్మబోయిన రాము 2010లో. ఈ రెంటి మధ్య యాభై ఏడేళ్ళలో పల్లెకి ఏమైందో తెలియడానికి ఇంతకంటే పాఠం అక్కర్లేదు. పైగా ఈ రాముడికి ఊళ్ళో ఆసామి ఫ్లాష్‌బ్యాక్ ఏమీ లేదు, పసివాడుగా ఉన్నప్పుడు తల్లి ఎత్తుకుని పారిపోయిందంతే. ఇక ఆ ఇంటి గడప! లోపల ఉన్నంతసేపు అతిథి, గడప దాటితే శవం. ఆశ్రయం అడిగే మనిషికి ఏ దేశపు చట్టమైనా చెప్పేది ఇదే కదా, గీతకి ఇటు నిలబడితే ఒక మనిషివి, అటు నిలబడితే ఇంకో మనిషివి. నవ్విస్తూనే చెప్పేశాడు రాజమౌళి, కావాలని చెప్పాడో లేదో తెలీదు గానీ.

బయటివాళ్ళు మా నేల మీద తీసినవీ ఉన్నాయి. విన్సెంట్ ఫెర్రర్ స్పెయిన్‌లో పుట్టి 1952లో మన దేశం వచ్చాడు. మహారాష్ట్రలో పనిచేస్తుండగా 1968లో ప్రభుత్వం దేశం వదిలి పొమ్మంది. మరుసటి ఏడాది తిరిగొచ్చి అనంతపురంలో స్థిరపడి, 2009లో పోయేదాకా ఇక్కడే ఉన్నాడు. ఆయన జీవితం మీద 2013లో స్పెయిన్ టీవీలో సినిమా వచ్చింది, ఇమనోల్ అరియాస్ ఆ పాత్ర వేశాడు. రింటూ థామస్, సుష్మిత్ ఘోష్ 2012లో 'టింబక్టూ' అని చెన్నేకొత్తపల్లి దగ్గర బీడుభూమిని పచ్చగా చేసుకుంటున్న జనం మీద డాక్యుమెంటరీ తీశారు, జాతీయ అవార్డు కూడా వచ్చింది. తర్వాత ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్ళిన 'రైటింగ్ విత్ ఫైర్' (2021) వీళ్ళదే. రెండూ మంచి పనులే. ఒకటి వచ్చినవాడి కథ, ఒకటి ఉండిపోయినవాళ్ళ కథ. పోయినవాళ్ళ కథ మిగిలిపోయింది.

ఆ కథ చివరికి ఎవరు తీశారో తెలుసా? వాళ్ళే తీసుకున్నారు, 2020లో. మార్చి 24 రాత్రి 8 గంటలకి ప్రకటన, అర్ధరాత్రి నుంచి లాక్‌డౌన్. రాష్ట్రాల మధ్య గీతలు ఒక్క రాత్రిలో గోడలైపోయాయి. హైదరాబాదు హాస్టళ్ళ నుంచి బయల్దేరినవాళ్ళు గరికపాడు దగ్గర ఆగిపోయారు. వాళ్ళలో మా సాఫ్ట్‌వేర్ వాళ్ళు కూడా ఉన్నారు. పాస్ చూపించినా వదలడం లేదని టీవీలో మొత్తుకున్నారు. జీవితంలో మొదటిసారి మాకు తెలిసింది, రాష్ట్ర సరిహద్దు అనేది ఒకటుందని. నల్లమాడ పెద్దాయనకి చెబితే నవ్వుతాడు. ఆ రోజుల్లో వాట్సాప్‌లో తిరిగిన వీడియోలు గుర్తున్నాయా? నెత్తిన మూటలు, భుజాన పిల్లలు, రాత్రిపూట హైవే, ఊగిపోయే కెమెరా, వెనక నుంచి "నడు నడు" అనే గొంతు. హూపర్ ఫోటోల్లో లేని కదలిక అంతా అందులో ఉంది. ఎవరి కథ వాళ్ళే పట్టుకున్న కెమెరా.

ఆ తర్వాత సినిమావాళ్ళూ కదిలారు. ఘజియాబాద్ నుంచి సహర్సాకి సైకిళ్ళ మీద పోయిన ఏడుగురు బీహారీ కూలీల వెంట వినోద్ కాప్రి వెళ్ళి '1232 కిలోమీటర్లు' (2021) తీశాడు. అనుభవ్ సిన్హా 'భీడ్' (2023) పూర్తిగా రాష్ట్ర సరిహద్దు చెక్‌పోస్ట్ దగ్గర జరుగుతుంది. నలుపు తెలుపుల్లో తీశాడు, దేశ విభజన నాటి దృశ్యాలు గుర్తొచ్చేలా. రెండూ హిందీవే.

మన దగ్గర వలస మీద వచ్చిన పెద్ద సినిమా 'తండేల్' (2025). 2018 నవంబర్‌లో గుజరాత్ తీరం నుంచి చేపల వేటకి పోయి పాకిస్తాన్ వాళ్ళకి చిక్కిన శ్రీకాకుళం మత్స్యకారుల ఉదంతం ఆధారం. వాళ్ళలో 20 మంది 2020 జనవరిలో వాఘా దగ్గర తిరిగొచ్చారు. సినిమా బాగానే ఆడింది, సాయిపల్లవి బాగా చేసింది. కానీ నాకు తొలిచే ప్రశ్న వేరే. ఇంటి ముందే సముద్రం పెట్టుకున్న శ్రీకాకుళం మనిషి దేశానికి అవతలి ఒడ్డున ఉన్న గుజరాత్ సముద్రానికి ఎందుకు పోవాల్సొచ్చింది? అది మొదటి వలస. దాన్ని రెండు మాటల్లో దాటేసి పాకిస్తాన్ జైలుకీ, జెండాకీ ఎక్కువ చోటిచ్చారు. ముళ్ళకంచె, అవతల శత్రుదేశం ఉంటేనే మనకి సరిహద్దు కనిపిస్తుంది. 'గల్ఫ్' (2017) లాంటి సినిమాలూ విమానం ఎక్కాకే వలసని గుర్తించాయి. కదిరి బస్టాండులో ఎక్కేవాడు వలసవాడని ఎవరికీ తోచదు, టికెట్ రెండు మూడొందలే కదా.

ఎందుకిలా అంటే నాకు తోచిన జవాబు ఒకటే. టికెట్ కొని సినిమా చూసే మనకి ఫ్లాష్‌బ్యాక్ కావాలి. అవమానం పడుతున్న మనిషి మామూలు మనిషే, రేపు కూడా పడతాడు అంటే మనసొప్పదు. అసలు వాడు పెద్ద ఆసామి అంటే హాయిగా ఉంటుంది, అవమానించినవాళ్ళు బుద్ధి తెచ్చుకుంటారు, మనం ఇంటికి పోతాం. అదీగాక మాలాంటి చదువుకుని వలసొచ్చినవాళ్ళకి ఇది ఇంకా బాగా నప్పుతుంది. మేనేజర్ ముందు తలొంచుకున్నప్పుడల్లా "మా ఊళ్ళో మేమెవరో తెలుసా" అని లోపల ఒక ఫ్లాష్‌బ్యాక్ తిప్పుకుంటాం. నేనూ చాలాసార్లు తిప్పుకున్నాను. మా ఊళ్ళో మాకున్నది నాలుగెకరాల మెట్ట, ఎండిన బోరు ఒకటి. అయినా తిప్పుకుంటాం!

మొత్తం కథలో నాకు సిగ్గేసే విషయం ఒకటుంది. నేను ఉండే అపార్టుమెంటు కట్టేటప్పుడు బుకింగ్ చేసి వారం వారం చూడ్డానికి పోయేవాణ్ణి. కింద షెడ్లలో ఉన్నవాళ్ళు మాట్లాడుకునేది వింటే అచ్చం మా అవ్వ మాటే. "యాడికి పోతాండావురా" అని పిల్లల్ని అరిచే గొంతులు. ఒక్కసారి కూడా ఆగి "మీదే ఊరు?" అని అడగలేదు. ఆ ఇంట్లోనే పదేళ్ళు కూర్చుని నెట్‌ఫ్లిక్స్‌లో ఏ దేశపు శరణార్థుల సినిమానో చూసి కళ్ళు తుడుచుకున్నాను. ఇటలీ వాళ్ళ 'ఫ్యూకోఅమ్మారే' (2016) చూసి లాంపెడూసా దీవి గురించి ఆఫీసులో గంటసేపు మాట్లాడాను కూడా. గొప్ప సినిమా, కాదనను. కానీ ఆ వారం మా వాచ్‌మన్ ముదిగుబ్బ వాడని నాకు తెలీదు.

2022 ఏప్రిల్‌లో మా జిల్లాని కూడా రెండు చేశారు. కదిరి, నల్లమాడ, హిందూపురం, మడకశిర అన్నీ శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయాయి. తాడిపత్రి, రాయదుర్గం ఇటే ఉన్నాయి. ఇంకో గీత పడిందన్నమాట. బెంగుళూరు బస్సులు మాత్రం అలాగే నడుస్తున్నాయి.

ఆ రోజు బస్సు తెల్లారగట్ల నాలుగున్నరకి యలహంక దగ్గర ఆగింది. పెద్దాయన, మనవడు, ఇంకో రెండు కుటుంబాలు అక్కడే దిగిపోయారు. చలికి పిల్లలు ముడుచుకుపోతున్నారు. నేను దిగాల్సింది ఇంకా ముందుంది. కిటికీలోంచి తల బయటపెట్టి "ఈసారి ఎప్పుడు ఊరికి, పెద్దాయనా?" అని అడిగాను.

"వాన పడితే ఇత్తనాలకి" అన్నాడు. సంచి నెత్తికెత్తుకున్నాడు.

మనవడు ఫోన్ జేబులో పెట్టుకుంటూ నాకేసి చూసి చెయ్యూపాడు. సినిమా అప్పటికి అయిపోయినట్టుంది.